పచ్చగుడ్డ ముందు చిట్టిమల్లు

పల్నాటి యుద్ధం జరిగింది కారంపూడిలో. నిప్పు రాజుకున్నది మాత్రం కోడిపందెం దగ్గర. బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు, నాయకురాలు నాగమ్మ పుంజు సివంగిడేగ. పందెంలో ఓడిన బ్రహ్మనాయుడి మాచర్ల పక్షం ఏడేళ్లపాటు రాజ్యం విడిచి పోవలసి వచ్చిందని కథ. పన్నెండో శతాబ్దం నాటి ఈ కథ మీద 1947లో ఒకటి, 1966లో ఒకటి, 'పల్నాటి యుద్ధం' పేరుతోనే రెండు సినిమాలు వచ్చాయి. కారంపూడిలో ఏటా ఐదు రోజులు జరిగే వీరారాధన ఉత్సవాల్లో నాలుగో రోజు పేరే కోడిపోరు.

ఆ కోడిపోరును నరసరావుపేట కుర్రాళ్లు నలుగురు షార్ట్ ఫిల్మ్‌గా తీయాలనుకున్నారనుకుందాం. కెమెరా అద్దెకు దొరుకుతుంది. పుంజులకు పల్నాడులో కరువు లేదు. కానీ వాటిని కొట్లాడించి తీయడం కుదరదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కోళ్లను పోరుకు దింపడం నేరం. సినిమాలో ఏ జంతువును చూపించాలన్నా భారత జంతు సంక్షేమ మండలి అనుమతి ముందే తీసుకోవాలి. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఒక షార్ట్ ఫిల్మ్ కోసం మూగజీవి మెడ తెగడం నా దృష్టిలో దండగమారి పని. కాబట్టి ఈ రెండు పుంజులూ ఒకదాన్నొకటి చూడనే చూడకూడదు. ఒక్కోదాన్ని విడిగా పచ్చగుడ్డ ముందు వదిలి, ఎగిరినప్పుడు, రెక్కలు విప్పినప్పుడు, మెడ నిక్కించినప్పుడు తీసుకోవాలి. కంప్యూటర్లో రెండింటినీ ఒకే బరిలోకి దింపాలి.

సినిమావాళ్లు ఈ గుడ్డను గ్రీన్ మ్యాట్ అంటారు. గుడ్డ కట్టి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్రోమా కీ మీట నొక్కితే వెనకదంతా మాయమైపోతుందని చాలామంది నమ్మకం. నొక్కి చూడండి. పుంజు మిగులుతుంది, నిజమే. దాంతోపాటు లైటు స్టాండు మిగులుతుంది. పుంజును పట్టుకొచ్చినతని మోచేయి మిగులుతుంది. గుడ్డ అయిపోయిన చోట గోడ, గోడకు వేలాడే క్యాలెండరు, మూలన ముడతపడ్డ గుడ్డ తాలూకు మురికి నీడ, అన్నీ ఉంటాయి. నాగమ్మ పక్షమైన గురజాల రాజసభ బొమ్మను వెనక పెట్టగానే నలగామరాజు సింహాసనం పక్కన ట్రైపాడ్ కాలు ప్రత్యక్షమవుతుంది.

ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. దానికి అప్పజెప్పిన పనే అంత.

కంప్యూటర్ చూసేది అంకెలనే

పుంజేదో స్టాండేదో కీయర్‌కు, అంటే ఆ క్రోమా కీ పని చేసే భాగానికి, తెలియదు. దాని ముందున్నవి పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు మూడేసి అంకెలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. మామూలు వీడియోలో ఒక్కో అంకె 0 నుంచి 255 దాకా ఉంటుంది. కీయర్ వేసే ప్రశ్న ఒక్కటే: ఈ పిక్సెల్‌లో ఆకుపచ్చ, మిగతా రెండింటిలో పెద్దదానికన్నా ఎంత ఎక్కువ?

ఉదాహరణకు కొన్ని అంకెలు అనుకుందాం. బాగా వెలుగు పడిన గుడ్డ మీద ఎరుపు 40, ఆకుపచ్చ 180, నీలం 60. ఆకుపచ్చ ఆధిక్యం 120. ఇదే కొలబద్ద. ఏ పిక్సెల్‌లో ఆధిక్యం 120 ఉంటే అది పూర్తిగా గుడ్డ, పూర్తిగా పారదర్శకం. డేగ పుంజు ఎర్ర ఈకలో ఎరుపు 150, ఆకుపచ్చ 70, నీలం 40. ఆకుపచ్చకు ఆధిక్యమే లేదు. అది పూర్తిగా నిలిచిపోతుంది. మనుషుల ఒంటి రంగుదీ ఇదే లెక్క. నలుపైనా తెలుపైనా చామనఛాయైనా చర్మంలో ఎరుపుదే పైచేయి. తెరకు ఆకుపచ్చనో నీలాన్నో ఎంచుకోవడానికి మొదటి కారణం అదే.

ఇప్పుడు లైటు స్టాండును చూడండి. నల్లది. 20, 20, 20. ఆధిక్యం సున్నా. అంటే కీయర్ దృష్టిలో స్టాండు కూడా పుంజంత ముఖ్యమైన మనిషే. గోడా అంతే, క్యాలెండరూ అంతే. పచ్చగా లేనిదాన్నంతా ఉంచమని మనమే చెప్పాం, అది ఉంచింది. సెట్టింగుల మీటలు ఎంత తిప్పినా స్టాండు పోదు.

ముడతపడ్డ మూలది ఇంకో రకం తంటా. అక్కడ వెలుగు తక్కువ: 15, 50, 20 అనుకోండి. ఆధిక్యం 30. కొలబద్దలో నాలుగో వంతు. అంటే ఆ చోటు 25 శాతమే పారదర్శకం, 75 శాతం మరకగా మిగులుతుంది. దీన్ని తుడిచెయ్యాలంటే కీయర్ పట్టు బిగించాలి, అంటే 30 ఆధిక్యం ఉన్నా గుడ్డే అనుకొమ్మని చెప్పాలి. చెప్పగానే మరక పోతుంది. దానితోపాటు పుంజు మెడ చుట్టూ ఉన్న సన్నని ఈకల అంచులూ పోతాయి, ఎందుకంటే ఈక అంచు పిక్సెల్‌లో సగం ఈక, సగం గుడ్డ ఉంటాయి. చిట్టిమల్లు కత్తెరతో కత్తిరించిన అట్టబొమ్మలా తయారవుతాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లలో నూటికి తొంభైమంది చిక్కుకునేది ఇక్కడే అనిపిస్తుంది. దూరాన మూలలో ఉన్న మరక కోసం, మధ్యలో ఉన్న పుంజు ఈకలు బలి.

అన్నట్టు, పల్నాడులో పచ్చదనానికి కొదవేముంది, మిరపతోట ముందు నిలబెట్టి తీస్తే గుడ్డ ఖర్చు మిగలదా అని ఎవరైనా అడగొచ్చు. మిగలదు. ఆకు మన కంటికి పచ్చగా కనిపిస్తుందే గానీ దానిలో ఎరుపూ బాగానే ఉంటుంది. 70, 100, 50 లాంటి అంకెలు వస్తాయి. ఆధిక్యం ముప్పైకి మించదు. పైగా ఒక్కో ఆకుకూ ఒక్కో వెలుగు, ఒక్కో నీడ. కీయర్‌కు కావలసింది పచ్చదనం కాదు, కల్తీ లేని, అంతటా ఒకే తీరుగా ఉన్న పచ్చదనం.

ముందు ఊడ్పు

వాకిలి ఊడ్చి కల్లాపి చల్లకుండా ఎవరూ ముగ్గు వేయరు. గ్రీన్ మ్యాట్ పనిలో ఆ ఊడ్పు పేరు గార్బేజ్ మ్యాట్. పుంజు చుట్టూ, కాస్త ఎడంగా, మౌసుతో ఒక గీత గీసి చుట్టూ తిప్పి మూసేస్తారు. గీత లోపల ఉన్నది ఉంటుంది, బయట ఉన్నది పోతుంది, రంగుతో నిమిత్తం లేదు. స్టాండు, మోచేయి, గోడ, ముడతపడ్డ మూల అన్నీ ఒక్క దెబ్బతో ఎగిరిపోతాయి. ఇక కీయర్‌కు మిగిలిన పని గీతకూ పుంజుకూ మధ్య ఉన్న ఆ కొద్దిపాటి పచ్చటి పట్టీని తీయడమే. ఆ పట్టీలో వెలుగు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి పట్టు బిగించనక్కర్లేదు. ఈకలు బతుకుతాయి.

గణితంగా చూస్తే ఇలా గీతతో గీసిన హద్దు, అంటే మాస్కు, కూడా ఒక అంకెల బొమ్మే. లోపల 1, బయట 0. కీయర్ ఇచ్చిన అపారదర్శకత బొమ్మ ఇంకొకటి. పిక్సెల్‌కు పిక్సెల్ ఈ రెండింటినీ గుణించేస్తారు. సున్నాతో ఏది గుణించినా సున్నానే కదా, స్టాండు అలా సున్నా అయిపోతుంది. ఈ అపారదర్శకత అంకెను ఆల్ఫా అంటారు. ఆల్ఫాతో బొమ్మల మీద బొమ్మలు పేర్చే లెక్కలన్నిటినీ థామస్ పోర్టర్, టామ్ డఫ్ అనే ఇద్దరు 1984లో ఒక పరిశోధన పత్రంలో క్రమబద్ధం చేశారు. ఇవాళ మన ఫోన్లలోని ఎడిటింగ్ యాప్ కూడా ఆ లెక్కనే చేస్తుంది.

ఆ గీత కూడా మామూలు గీత కాదు. నాలుగైదు చుక్కలు పెడితే వాటి మధ్య వంపులను కంప్యూటరే సాఫీగా కలుపుతుంది. ఫ్రెంచి కార్ల కంపెనీ రెనోలో పనిచేసిన ఇంజినీరు పియెర్ బెజియే కారు ఒంటి వంపులను గీయడానికి ప్రచారంలోకి తెచ్చిన వక్రరేఖలే ఇవి. అదే కాలంలో పోటీ కంపెనీ సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో కూడా వీటినే కనుక్కున్నా, పేరు మాత్రం బెజియేకు దక్కింది. కార్ల తలుపుల కోసం పుట్టిన లెక్క కోడిపుంజు చుట్టూ తిరుగుతోందంటే తమాషాగానే ఉంటుంది.

మాస్కు ఎప్పుడు వేయాలన్నదీ ముఖ్యమే: కీ కంటే ముందు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో లేయరు మీద గీసిన మాస్కు, ఎఫెక్టుల కంటే ముందే అమలవుతుంది. అందుకే అక్కడ ఈ వరస దానంతటదే కుదురుతుంది. నోడ్లతో పనిచేసే సాఫ్ట్‌వేర్లలో ఎవరికి వారే కుదుర్చుకోవాలి. ముందు గంటసేపు కీయర్‌తో కుస్తీ పట్టి, తర్వాత మాస్కు సంగతి గుర్తొచ్చినవాళ్లు చేసేది మొదటి గంట పనిని చెరిపేసి మళ్లీ మొదలుపెట్టడమే.

కదిలే పుంజు, కదలని గీత

ఫొటో అయితే కథ ఇక్కడితో అయిపోయేది. వీడియోలో పుంజు ఎగురుతుంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన ఎనిమిది సెకన్ల షాటులో 200 ఫ్రేములు. మొదటి ఫ్రేములో గీసిన గీతను దాటి పుంజు రెక్క విప్పిందంటే, గీత బయటికొచ్చిన రెక్క తెగిపోతుంది. అలాగని 200 గీతలు గీస్తూ కూర్చోనక్కర్లేదు. మొదటి ఫ్రేములో ఒక గీత, చివరి ఫ్రేములో దాన్నే జరిపి ఇంకొకటి. మధ్యలో ఉన్నవాటిని కంప్యూటర్ లెక్కగట్టి జరుపుతుంది. సరిగ్గా నడిమి ఫ్రేముకు వెళ్లి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ సరిచేసి, మళ్లీ ఆ సగాలకు నడుమ చూసుకోవాలి. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే చాలా షాట్లు కొద్దిపాటి గీతలతోనే కుదురుకుంటాయి. అదే ఒక్కో ఫ్రేమునూ వరసగా సరిచేసుకుంటూ పోతే గీత వణుకుతుంది, ఆ వణుకు తెర మీద కనిపిస్తుంది.

చుక్కలు ఎన్ని తక్కువ ఉంటే అంత హాయి. గార్బేజ్ మ్యాట్ అందంగా ఉండనక్కర్లేదు. పుంజు ఆకారాన్ని అచ్చంగా అనుసరించాలని తాపత్రయపడి నలభై చుక్కలు పెట్టేవాళ్లు, తర్వాత ఆ నలభైనీ ప్రతిచోటా కదిలించలేక చేతులెత్తేస్తారు. దీన్ని వదులుగా, మొరటుగా వేయడంలోనే నేర్పు. సన్నని అంచు పని కీయర్‌ది, ముతక పని మాస్కుది. ఒకరి పని ఇంకొకరికి అప్పజెప్పకూడదు.

రెక్క కొట్టుకునే వేగం ఇంకో చిక్కు. షట్టర్ సెకనులో యాభయ్యో వంతు తెరిచి ఉంటే, ఆ లోపల రెక్క కొస కదిలి బొమ్మలో మసకగా అలుక్కుపోతుంది. ఆ మసకలో రెక్కా గుడ్డా కలిసిపోయి ఉంటాయి. షట్టర్‌ను వందో వంతుకు తగ్గిస్తే మసక తగ్గుతుంది. వెలుగు మాత్రం రెట్టింపు కావాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి యాభయ్యో వంతు, వందో వంతు షట్టర్ల దగ్గర మామూలు లైట్లు మిణుకుమిణుకుమనవు. ఇంకా వేగం పెంచితే చవక ఎల్‌ఈడీ లైట్ల మిణుకు బొమ్మలో చారలుగా పడే ప్రమాదముంది.

లోపలి మాస్కు

ఇంతవరకు బయట పారేయాల్సినదాని గురించి. లోపల కాపాడాల్సినదీ ఉంటుంది. నల్లపుంజు తోకను ఎండలో చూసినవాళ్లకు తెలుసు, అది నలుపు కాదు. పచ్చగా, నీలంగా నిగనిగలాడుతుంది. ఈకలోని సూక్ష్మ పొరల మీద వెలుగు పరావర్తనం చెందే తీరు వల్ల పుట్టే రంగు అది, రంగుపదార్థం వల్ల కాదు. తల కాస్త తిప్పితే మారిపోతుంది. దాని అంకెలు 20, 45, 35 అనుకుంటే ఆధిక్యం 10. కొలబద్ద 120లో అది 8 శాతం. తోకలోంచి వెనక ఉన్న రాజసభ స్తంభాలు 8 శాతం లీలగా కనిపిస్తాయన్నమాట.

తెల్ల ఈకల బాధ ఇంకో రకం. పచ్చగుడ్డ మీద పడిన వెలుగు పచ్చగా మారి తిరిగొచ్చి పుంజు మీద పడుతుంది. తెల్ల ఈక దాన్ని తీసుకుని 190, 215, 185 అయి కూర్చుంటుంది. ఆధిక్యం 25. అంటే చిట్టిమల్లు తెల్లమెడలో ఐదో వంతు చిల్లు.

మందు ఒక్కటే. పుంజు ఒంటి లోపల, అంచుకు కాస్త ఇవతలగా, రెండో మాస్కు గీయాలి. దీని లోపల ఉన్నది ఏమైనా సరే పూర్తిగా నిలవాల్సిందేనని ఆజ్ఞ. సినిమావాళ్ల భాషలో హోల్డౌట్. ఇప్పుడు బొమ్మ మూడు మండలాలైంది. బయటి మాస్కు అవతల అంతా సున్నా. లోపలి మాస్కు ఇవతల అంతా ఒకటి. రెండింటి మధ్య సన్నని వలయంలో మాత్రమే కీయర్ రాజ్యం. పెద్ద స్టూడియోల్లోనూ చిన్న గదిలోనూ పద్ధతి ఇదే, మనుషుల సంఖ్యలోనే తేడా.

ఒంటి మీద పడిన ఆ పచ్చ జీర పోవాలంటే, ప్రతి పిక్సెల్‌లో ఆకుపచ్చ మిగతా రెండింటిలో పెద్దదాన్ని దాటకుండా కోత వేస్తారు. 215 కాస్తా 190 అవుతుంది, ఈక మళ్లీ తెల్లనవుతుంది. అయితే ఇదే కోత తోక మీద పడితే దాని సహజమైన పచ్చ నిగనిగ కూడా చచ్చిపోతుంది. కాబట్టి తోక చుట్టూ ఇంకో మాస్కు వేసి, కోత అక్కడికి రాకుండా ఆపాలి. అసలు నన్నడిగితే నిగనిగలాడే నల్లపుంజుకు పచ్చగుడ్డ వద్దు, నీలంగుడ్డా వద్దు. మాసిన తెల్లటి గోడ ముందు తీసి పూర్తిగా మాస్కుల మీదే ఆధారపడడం నయం. అంత ఓపిక లేకపోతే ఎర్రటి డేగను తెచ్చుకోవాలి.

పెళ్లి వీడియోలు తీసేవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. పెళ్లికూతురి చేతి నిండా పచ్చగాజులు, చీర అంచు చిలకపచ్చ, చేతిలో తమలపాకులు, గుమ్మానికి మామిడాకులు. గ్రీన్ మ్యాట్‌కు ఇంతకన్నా శత్రువులుండరు. గాజులున్న చోట మణికట్టు మాయమై అరచేయి గాలిలో తేలుతుంది. అక్కడ నీలంగుడ్డ కట్టుకోవడమే తెలివైన పని.

చెయ్యి, తాడు

పుంజు కాలికి తాడుంటుంది, ఆ తాడు కొస ఒకరి చేతిలో ఉంటుంది. చెయ్యి పుంజుకు ఎడంగా ఉన్నంతసేపు బయటి మాస్కు చూసుకుంటుంది. తాడు మాత్రం పుంజు కాలి దాకా వస్తుంది, మాస్కు లోపలికి వచ్చేస్తుంది. తాడుకు గుడ్డ రంగే వేస్తే కీయర్ దాన్ని గుడ్డతోపాటు తినేస్తుంది. పట్టుకున్నతనికి పచ్చ గ్లవ్సు, పచ్చ చేతులు తొడిగించేదీ అందుకే.

కానీ పచ్చచెయ్యి పుంజు ఒంటికి అడ్డం వచ్చిందో, ఆ అడ్డమొచ్చిన చోట పుంజుకూ చిల్లు పడుతుంది. కెమెరా ఆ చోటి ఈకలను చూడనే లేదు, ఏ సాఫ్ట్‌వేర్ తెచ్చి పెడుతుంది? చెయ్యి తీసేసిన ఇంకో ఫ్రేములోంచి ఆ భాగాన్ని మాస్కుతో కత్తిరించి, ఇక్కడ అతికించి, కదలికకు తగ్గట్టు జరపాలి. సెకను షాటుకు పూట పట్టినా ఆశ్చర్యం లేదు. చెయ్యి అడ్డం రాకుండా తీసుకుంటే ఆ పూట మిగులుతుంది.

నేల సంగతిలో నాకొక గట్టి అభిప్రాయముంది. నేల మీద కూడా పచ్చగుడ్డ పరిచి, పుంజును దాని మీద నిలబెట్టేవాళ్లున్నారు. గోళ్ల మధ్య పచ్చ, పొట్ట కింద పచ్చ, నీడ కూడా పచ్చే. గుడ్డ వెనకే కట్టి, కింద నిజమైన మట్టి పోసి తీస్తే కాళ్లు నేలలో దిగబడతాయి, దుమ్ము లేస్తుంది, నీడ నిజంగా నీడలా ఉంటుంది. ఆ మట్టిని బొమ్మలోని మట్టితో కలపడానికి అంచు పలచబరిచిన ఒక మాస్కు చాలు. రెండు నేలలూ ఒకే నల్లరేగడి అయితే అతుకు కనిపించదు.

గుడ్డ లేని కాలం

మాస్కు పచ్చగుడ్డకన్నా చాలా పెద్దది, వయసులో. ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ 1898లోనే తన తలను తానే ఊడదీసి బల్ల మీద పెట్టి, మళ్లీ ఇంకో తల మొలిపించి చూపించాడు. నల్లటి తెర, లెన్సు ముందు అడ్డం, ఫిల్మును వెనక్కి తిప్పి మళ్లీ ఎక్స్‌పోజ్ చేయడం, ఇవే అతని పనిముట్లు. రంగుతెర పద్ధతి 1940 నాటి 'ద థీఫ్ ఆఫ్ బాగ్దాద్'లో లారీ బట్లర్ చేతిలో నీలంగా మొదలైంది. ఆకుపచ్చ ఆధిక్యం లాంటి తీసివేత లెక్కలకు మూలపురుషుడు పెట్రో వ్లాహోస్. 1959లో వచ్చిన 'బెన్ హర్' కోసం ఆయన తయారుచేసిన పద్ధతిలో నీలం ఆధిక్యాన్ని ఫిల్ము పొరల మీద రసాయనాలతోనే లెక్కగట్టారు. డిజిటల్ కెమెరాలొచ్చాక నీలం స్థానంలో ఆకుపచ్చ వచ్చి కూర్చుంది. కెమెరా సెన్సర్‌లో ప్రతి నాలుగు గడుల్లో రెండు ఆకుపచ్చకే కేటాయించి ఉంటాయి, అందుకని ఆ రంగులో వివరం ఎక్కువ, రొద తక్కువ.

మన దగ్గర ఇవేవీ లేకుండానే రావణుడికి పది తలలొచ్చాయి. 1961 సంక్రాంతి ముందు విడుదలైన 'సీతారామ కల్యాణం'కు ఎన్.టి.రామారావే దర్శకుడు, ఆయనే రావణుడు. ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్‌కు అది తొలి సినిమా. పది తలల దృశ్యాలను ఆయన కెమెరాలోనే ట్రిక్కుగా తీశారు. అలాంటి మాస్క్ షాట్ల సూత్రం వినడానికి తేలిక. లెన్సు ముందు నల్లటి అడ్డం పెట్టి ఫ్రేములో కొంత భాగాన్ని మూసేస్తారు. మిగతా భాగంలో నటుణ్ని తీస్తారు. ఫిల్మును లెక్కపెట్టి వెనక్కి తిప్పుతారు. ఇప్పుడు తీసిన భాగాన్ని మూసి, మూసిన భాగాన్ని తెరిచి మళ్లీ తీస్తారు. రెండు అడ్డాల మధ్య వెంట్రుకవాసి సందున్నా తెల్లగీత పడుతుంది, వెంట్రుకవాసి ఒకదాని మీదికొకటి ఎక్కినా నల్లగీత పడుతుంది. సరిచూసుకోవడానికి ఫిల్ము కడిగేదాకా ఆగాలి. తప్పయితే మొత్తం మళ్లీ మొదటికి. కెమెరా కదలకూడదు, నటుడూ గీసిన హద్దు దాటి తల తిప్పకూడదు.

1964లో వచ్చిన 'రాముడు భీముడు'లో ఇద్దరు రామారావులు ఎదురెదురుగా నిలబడ్డ షాట్లు చూడండి. అంతకు మూడేళ్ల ముందు రావణుడికి పది తలలు మొలిపించిన రవికాంత్ నగాయిచే దానికీ ఛాయాగ్రాహకుడు. ద్విపాత్రల షాట్లలో ఇద్దరికీ నడుమ స్తంభమో, తలుపు అంచో, కుర్చీ వీపో ఎందుకు ఉంటుందో ఇప్పుడు అర్థమవుతుంది. మాస్కు హద్దు దాక్కునే చోటు అది.

మన కోడిపోరుకూ ఇది పనికొస్తుంది. కెమెరాను స్టాండు మీద బిగించి, ఒకే బరిలో ముందు ఎడమవైపు చిట్టిమల్లును, తర్వాత కుడివైపు సివంగిడేగను తీసి, నడుమ ఒక మాస్కుతో అతికిస్తే గుడ్డే అక్కర్లేదు. రెండు పుంజులూ మెడలు చాచి కయ్యానికి కాలు దువ్వే షాటుకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. వెలుగు అదే, మట్టి అదే, నీడ అదే. ఒకటి రెండోదాని మీదికి ఎగిరే షాటుకు మాత్రమే పచ్చగుడ్డ కట్టండి. మన కుర్రాళ్లు ప్రతిదానికీ గుడ్డ కట్టడం అలవాటు చేసుకుని, సగం బొమ్మతో తేలిపోయే పనికి రెట్టింపు చాకిరీ చేస్తున్నారు.

మీట నొక్కితే పోదా

ఇంత తంటా ఎందుకు, ఫోనులో వేలు పెడితే వెనకదంతా పోతోంది కదా అంటారు. పోతోంది, నిజమే. 2010లో ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో రోటో బ్రష్ వచ్చినప్పటి నుంచే మాస్కు గీసే చాకిరీ కొంత కంప్యూటర్ మీద పడింది. 2023లో మెటా కంపెనీ విడుదల చేసిన సెగ్మెంట్ ఎనీథింగ్, మరుసటి ఏడాది వీడియోల కోసం వచ్చిన దాని రెండో రూపం, బొమ్మలో దేన్ని చూపిస్తే దాని ఆకారాన్ని పట్టుకుంటాయి. ఇవి రంగు చూడవు, ఆకారం చూస్తాయి. అందుకే లైటు స్టాండును పుంజు అనుకోవు. ఆ మేరకు ఇవి పాత కీయర్‌కన్నా తెలివైనవి.

వీటి బలహీనత అంచులో ఉంది. ఇచ్చేది చాలావరకు ఉంది లేదు అనే తీర్పు. మెడ ఈక కొసలో సగం ఉంది, సగం లేదు అనే సంగతి, మసకబారిన రెక్కలో ముప్పై శాతం రెక్క ఉందనే సంగతి, ఇంకా కీయర్‌కే బాగా తెలుసు. కాబట్టి పని తెలిసినవాళ్లు రెండింటినీ కలుపుతున్నారు. యంత్రం గీసిన ఆకారాన్ని కొన్ని పిక్సెళ్లు బయటికి ఉబ్బించి గార్బేజ్ మ్యాట్‌గా వాడుకుంటారు. కొన్ని పిక్సెళ్లు లోపలికి కుదించి హోల్డౌట్‌గా వాడుకుంటారు. నడిమి వలయం పచ్చగుడ్డకూ కీయర్‌కూ వదిలేస్తారు. గీసే చెయ్యి మారింది, మూడు మండలాల పద్ధతి మారలేదు.

ఫోనుతో తీసేవాళ్లకు ఒక హెచ్చరిక. చాలా ఫోన్లు వెలుగును ప్రతి పిక్సెల్‌కూ రాసుకుంటాయి గానీ రంగును మాత్రం నాలుగు పిక్సెళ్లకు ఒక్కసారే రాసుకుంటాయి. మన కంటికి ఆ తేడా తెలియదు. రంగు మీదే బతికే కీయర్‌కు బాగా తెలుస్తుంది, ఈకల అంచులు మెట్లుమెట్లుగా వస్తాయి. అద్దె కెమెరాలో 4:2:2, 10 బిట్ అనే రెండు మాటలు ఉన్నాయేమో అడిగి తెచ్చుకోండి.

ఇక షూటింగ్‌కు వెళ్లే కుర్రాళ్లకు: డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో కీయరూ, మాస్కులూ, వాటిని కదిలించే ట్రాకరూ ఉన్నాయి. ప్లగిన్లకు పెట్టే డబ్బు గుడ్డకూ లైట్లకూ పెట్టండి. గుడ్డను ఇస్త్రీ చేసి బిగుతుగా కట్టండి, దానికి వేరే లైట్లు వేయండి, పుంజును కనీసం ఏడెనిమిది అడుగులు ఇవతల వదలండి. ఆఖరి టేక్ అయ్యాక, కెమెరా కదపకుండా, లైట్లు ఆర్పకుండా, పుంజు లేని ఖాళీ గుడ్డను కూడా పది సెకన్లు తీసి పెట్టుకోండి. గుడ్డ మీద ఎక్కడెక్కడ ఎంత పచ్చ ఉందో కీయర్‌కు చెప్పేది ఆ పది సెకన్లే.